డెబ్బై దాటినవారికి కిడ్నీ రాయి ఆపరేషన్: ఇంట్లోవాళ్లు ఏం చేయాలి, ఏం చూసుకోవాలి

"మా నాన్నగారికి డెబ్బై ఆరేళ్లండి. కిడ్నీలో రాయి ఉందన్నారు. ఈ వయసులో ఆపరేషన్ తట్టుకుంటారా?"

యూరాలజీ వార్డులో నర్సుగా పనిచేసిన ఇరవై రెండేళ్లలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. రిటైరై విశాఖ సీతమ్మధారలో ఇంటిపట్టున ఉంటున్నా ఫోన్లో అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. అందరికీ ఒకేసారి పనికొస్తుందని రాస్తున్నాను.

వయసు ఒక్కటే ఆపరేషన్‌కు అడ్డం కాదు. రాయి పూర్తిగా పోయే అవకాశం పెద్దవాళ్లలోనూ కుర్రవాళ్లతో దాదాపు సమానంగానే ఉంటుంది. తేడా వచ్చేది మిగతా వాటి దగ్గర. గుండె జబ్బు, షుగరు, రక్తం పలచబడే మందులు, యూరిన్‌లో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో సత్తువ లేకపోవడం, ఇవి ఉన్నవారికి కాంప్లికేషన్లు ఎక్కువ, హాస్పిటల్లో ఉండాల్సిన రోజులూ ఎక్కువ. పెద్ద రాయికి వీపు వైపు నుంచి చేసే ఆపరేషన్‌లో రక్తం ఎక్కించాల్సి రావడం కూడా పెద్దవాళ్లలో ఎక్కువే. అయితే వీటిలో చాలావాటిని ముందే కనిపెట్టి సరిచేసుకోవచ్చు. థియేటర్లో గడిచేది గంటో, రెండు గంటలో. దానికి ముందు పది రోజులు, తర్వాత నెల రోజులు ఇంట్లోవాళ్లు ఎంత శ్రద్ధగా ఉంటే అంత మేలు జరగడం నా కళ్లారా చూశాను.

ఇది డాక్టరు మాటకు బదులుగా వాడుకునేది కాదు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో, ఇంటికొచ్చాక ఏం గమనించాలో తెలియడానికి.

ఈ లక్షణాలుంటే చదవడం ఆపి బయల్దేరండి

రాయి ఉందని తెలిసిన మనిషికి చలితో జ్వరం వచ్చినా, యూరిన్ రావడం ఆగిపోయినా, ఒకటే కిడ్నీ ఉన్నవారికి నడుము పక్కన నొప్పి మొదలైనా అది ఎమర్జెన్సీ. రేపు చూద్దాం అనుకోకండి, 108కి ఫోన్ చేయండి. రాయి అడ్డుపడి దాని వెనక చీము చేరితే గంటల్లో ఒళ్లంతా పాకుతుంది.

పెద్దవాళ్లలో చిక్కేమిటంటే జ్వరం కనిపించకపోవచ్చు, నొప్పీ చెప్పకపోవచ్చు. నిన్నటిదాకా పేపరు చదువుకున్న మనిషి ఇవాళ మగతగా పడుకుని, పిలిస్తే పొంతన లేకుండా మాట్లాడుతుంటే, అన్నం ముట్టకపోతే, "వయసైపోయింది, మతిమరుపు" అని సరిపెట్టుకోకండి. ఇన్‌ఫెక్షన్ ముందుగా అలాగే బయటపడొచ్చు.

ఇలాంటప్పుడు ఆ రాత్రికి రాయి తీయరు. లోపలి నుంచి డీజే స్టెంట్ (కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా వేసే సన్నని గొట్టం) గానీ, వీపు నుంచి చిన్న గొట్టం గానీ వేసి చీమును బయటికి వదులుతారు. ఇన్‌ఫెక్షన్ తగ్గాక రాయి సంగతి చూస్తారు. "అంత డబ్బు కట్టాం, రాయి తీయకుండా పంపించేశారు" అని గొడవపడినవాళ్లను చూశాను. ప్రాణం కాపాడే పద్ధతి అదే. చీము ఉండగా రాయిని కదిలిస్తే మనిషి దక్కడం కష్టం.

దగ్గర ఉంచుకోవాల్సినవి

ఒక ప్లాస్టిక్ ఫైలు తీసుకోండి. అందులో:

- ఎన్‌సీసీటీ (రంగు మందు ఎక్కించకుండా తీసే సీటీ) స్కాన్ రిపోర్టు, దాంతోపాటు ఫిల్ము లేదా సీడీ. రాయి ఎన్ని మిల్లీమీటర్లు, ఎక్కడ ఉంది, ఎంత గట్టిది (హెచ్‌యూ అని అంకె ఉంటుంది) అన్నవి ఇందులోనే తెలుస్తాయి. ఒట్టి అల్ట్రాసౌండ్ మీద ఆపరేషన్ నిర్ణయం జరుగుతుంటే సీటీ అవసరమా అని అడగండి.
- యూరిన్ కల్చర్ (యూరిన్‌లో క్రిములున్నాయా అని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) రిపోర్టు.
- రక్త పరీక్షలు: క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ (ఈ రెండూ కిడ్నీ పనితీరుకు), హీమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచగా ఉందో), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు).
- ఈసీజీ, అవసరమైతే ఎకో (గుండె స్కాన్). గుండెకు స్టెంట్ వేసి ఉంటే అది వేసిన తేదీ ఉన్న కాగితం.
- వాడుతున్న మందులన్నీ, స్ట్రిప్పులతో సహా ఒక కవర్లో. "తెల్ల మాత్ర, పొద్దున వేసుకుంటారు" అంటే డాక్టరుకు తెలియదు.
- ఆధార్, రేషన్ కార్డు, ఎన్టీఆర్ వైద్య సేవ వివరాలు. సీజీహెచ్‌ఎస్, ఈసీహెచ్‌ఎస్, రైల్వే, స్టీల్ ప్లాంటు పెన్షనర్లయితే ఆ కార్డులు. 70 దాటినవారికి కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంటే అదీ.

ఫైల్లో పట్టనివి మరో మూడు: కళ్లజోడు, వినికిడి మిషను, కట్టుడు పళ్ల డబ్బా. మొదటి రెండూ ఎందుకో ఆరో మెట్టులో చెప్తాను.

1. అసలు ఆపరేషన్ అవసరమా అని అడగండి

ఏ నొప్పీ లేకుండా, వేరే దేనికో స్కాన్ తీస్తే బయటపడిన 4, 5 మిల్లీమీటర్ల రాయిని చాలామందిలో తీయాల్సిన పనే లేదు. ఏడాదికోసారి స్కాన్ చేసి కనిపెట్టి ఉంటే చాలు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే యూరిన్ గొట్టంలోకి దిగిన చిన్న రాళ్లు కూడా చాలావరకు వాటంతటవే పడిపోతాయి. అప్పుడు టీ వడకట్టే జల్లెడ ఒకటి బాత్రూంలో పెట్టి రాయిని పట్టుకోండి, పరీక్షకు పనికొస్తుంది.

రెండో ప్రశ్న: "ఇది యూరిక్ యాసిడ్ రాయా?" షుగరు ఉన్నవారిలో, వయసు పైబడినవారిలో ఈ రకం ఎక్కువ. మామూలు ఎక్స్‌రేలో కనిపించదు, సీటీలో హెచ్‌యూ అంకె తక్కువగా ఉంటుంది. యూరిన్‌లో ఆమ్లం తగ్గించే మందులతో ఇది కరిగిపోయే అవకాశం ఉంది. కత్తి పడకుండా గండం గడిచే దారి ఉన్నప్పుడు అడగకుండా వదులుకోవద్దు. ఆ మందుల్లో ఒకటైన పొటాషియం సిట్రేట్ క్రియాటినిన్ ఎక్కువున్నవారికి, టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్రలు వాడేవారికి రక్తంలో పొటాషియం పెంచవచ్చు. పక్కింటాయనకి రాసిచ్చిన సిరప్ తెచ్చి తాగించకండి.

ఇక కొండపిండి ఆకు, ఉలవ కట్టు, అరటి దూట రసం. మన ఉత్తరాంధ్రలో రాయి అనగానే ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ చెప్పేవి ఇవే. మామూలుగా వండుకుని తింటే తప్పు లేదు గానీ 2 సెంటీమీటర్ల రాయి వీటితో కరగదు. వాటి మీద ఆశతో ఆరు నెలలు గడిపి, నొప్పి లేదు కదా అని ఊరుకుంటే, రాయి అడ్డుపడిన కిడ్నీ చప్పుడు లేకుండా పాడైపోతుంది. నొప్పి తగ్గిందంటే రాయి పోయిందని కాదు.

ఉద్దానం వైపు నుంచి వచ్చేవారికి ఒక మాట. అక్కడి కిడ్నీ జబ్బు రాళ్ల వల్ల వచ్చేది కాదు, రెండూ వేరు. కాకపోతే ఆ ప్రాంతం పెద్దవాళ్లలో క్రియాటినిన్ ముందే పెరిగి ఉండొచ్చు కాబట్టి, ఆ పరీక్ష చేయించకుండా నొప్పి ఇంజెక్షన్లు, కాంట్రాస్ట్ (రంగు మందు ఎక్కించి తీసే) స్కాన్ల జోలికి పోవద్దు.

2. ఏ పద్ధతి ఎవరికి అన్నది అర్థం చేసుకోండి

*షాక్ వేవ్.* కోత లేదు, బయటి నుంచే తరంగాలతో రాయిని పగలగొడతారు. చిన్న రాళ్లకు బాగుంటుంది. రాయి గట్టిదైతే, అంటే హెచ్‌యూ 1000 దాటితే, సరిగా పగలదు. రక్తం పలచబడే మందు ఆపలేనివారికి, పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బినవారికి, యూరిన్ ఇన్‌ఫెక్షన్ ఉన్నవారికి చేయరు. బీపీ అదుపులో లేకపోతే కిడ్నీ చుట్టూ రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

*యూరిన్ దారి నుంచి సన్నని స్కోపు పంపి లేజర్‌తో పొడి చేయడం.* రాయి గొట్టంలో ఉంటే యూరెటెరోస్కోపీ అంటారు, కిడ్నీ లోపలికి వంగే స్కోపుతో వెళ్తే ఆర్‌ఐఆర్‌ఎస్. బయట గాయం ఉండదు, రక్తం పోవడం తక్కువ. గుండె కోసం రక్తం పలచబడే మందులు మానలేనివారికి కూడా చేయగలిగేది ఇదే. పెద్దవాళ్లకు దీన్ని ఎక్కువగా ఎంచుకోవడం అందుకే. రాయి పెద్దదైతే ఒక్కసారికి అవకపోవచ్చు. ఎక్కువసేపు చేసేకొద్దీ ఇన్‌ఫెక్షన్ ప్రమాదం పెరుగుతుంది. డాక్టరు "రెండు విడతల్లో చేద్దాం" అంటే డబ్బు కోసం అంటున్నారని అనుమానించకండి. పెద్ద వయసులో అది మంచి ఆలోచనే.

*పీసీఎన్‌ఎల్.* వీపు పక్కన చిన్న రంధ్రం చేసి కిడ్నీలోకి నేరుగా వెళ్లి రాయి తీయడం. 2 సెంటీమీటర్లు దాటిన రాళ్లకు మొదట చెప్పేది ఇదే. ఒకేసారి రాయి పోవడంలో దీనికి సాటి లేదు. రక్తం పోవడం మాత్రం మిగతావాటికంటే ఎక్కువ. ఇప్పుడు సన్నని రంధ్రంతో చేసే మినీ పీసీఎన్‌ఎల్ ఉంది. మామూలుగా బోర్లా పడుకోబెట్టి చేస్తారు. ఆయాసం, గుండె బలహీనత, బాగా లావు ఉన్నవారికి వెల్లకిలా పడుకోబెట్టి చేసే పద్ధతి మత్తు డాక్టరుకు వీలుగా ఉంటుంది. "మా అమ్మకు ఆయాసం ఉంది, వెల్లకిలా చేయగలరా?" అని అడగడంలో తప్పేం లేదు.

డాక్టరును సూటిగా అడగాల్సింది ఇది: "మా నాన్నకు ఉన్న గుండె జబ్బు, షుగరు లెక్కలోకి తీసుకుంటే మీరు ఏది చేస్తారు, ఎందుకు? అసలు చేయకపోతే ఏమవుతుంది?" మూడో ముక్క చాలామంది అడగరు. మంచం పట్టి, తిండి తగ్గి, బాగా కృశించిన మనిషికి ఒక్కోసారి స్టెంట్ వేసి నొప్పి, ఇన్‌ఫెక్షన్ రాకుండా చూసుకోవడమే సరైన వైద్యం అవుతుంది. ఆ మాట చెప్పిన డాక్టరును చేతకానివాడు అనుకోకండి.

3. యూరిన్ కల్చర్: దీన్ని మాత్రం వదలొద్దు

ఈ వయసువారికి ఆపరేషన్ తర్వాత వచ్చే పెద్ద ఆపద కత్తి వల్ల కాదు, సూక్ష్మజీవుల వల్ల. రాయి లోపల దాక్కున్న బ్యాక్టీరియా, రాయి పగిలినప్పుడు రక్తంలోకి వెళ్తుంది. అందుకే కల్చర్ చేయించి, క్రిమి ఏదో, ఏ మందుకు లొంగుతుందో తెలుసుకుని, దానికి తగ్గ యాంటీబయాటిక్ వాడి, అప్పుడు టేబుల్ ఎక్కించాలి.

పొరపాట్లన్నీ శాంపిల్ దగ్గరే జరుగుతాయి. ఇలా చేయండి:

- యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే శాంపిల్ ఇవ్వాలి. ముందే వేసేసుకుంటే రిపోర్టులో ఏమీ లేనట్టు వస్తుంది.
- ల్యాబు ఇచ్చే స్టెరైల్ డబ్బానే వాడండి. ఇంట్లో హార్లిక్స్ సీసా ఎంత కడిగినా పనికిరాదు.
- ముందు శుభ్రంగా నీళ్లతో కడుక్కోవాలి. మొదటి కొంచెం వదిలేసి, మధ్యలో వచ్చేది పట్టాలి. పెద్దావిడలకు ఒంటరిగా కుదరదు, కూతురో కోడలో దగ్గరుండి సాయం చేయండి.
- గంటలోపు ల్యాబులో ఇవ్వండి. గాజువాకలో పట్టిన శాంపిల్ ట్రాఫిక్‌లో ఎండకు ఉడికి మధ్యాహ్నానికి జగదాంబ చేరితే ఆ రిపోర్టును నమ్మలేం.
- యూరిన్ పైపు ఉన్నవారికి సంచిలోంచి పట్టకూడదు. నర్సు చేత తీయించండి.

"యూరిన్ టెస్టు చేయించాం, పస్ సెల్స్ రాశారు" అంటారు చాలామంది. అది కల్చర్ కాదు. కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఇంకో సంగతి: వయసు మళ్లిన ఆడవాళ్లలో మంట, జ్వరం ఏమీ లేకుండానే యూరిన్‌లో క్రిములు ఉండొచ్చు. మామూలు రోజుల్లో దానికి మందు అక్కర్లేదు గానీ, రాయి ఆపరేషన్ ముందు తప్పకుండా వైద్యం చేయాలి. "నాకేం మంట లేదమ్మా" అన్న మాట మీద వదిలేయకండి.

ఆపరేషన్ తేదీ ముందే ఖాయమైంది, గదీ బుక్ అయింది, చుట్టాలూ వచ్చారు, కల్చర్‌లో క్రిమి వచ్చింది. అప్పుడు తేదీ మార్చుకోవడమే మంచిది. రాయి వారం ఆగుతుంది.

4. మందుల లెక్క తేల్చుకోండి

సొంతంగా ఏదీ ఆపకండి, సొంతంగా ఏదీ కొనసాగించకండి. ఏ మాత్ర ఏ తేదీన ఆపాలి, మళ్లీ ఏ తేదీన మొదలుపెట్టాలి అన్నది కాగితం మీద రాయించుకోండి. రెండో తేదీ రాయించుకోకపోవడం వల్ల గుండె మాత్ర నెల రోజులు మర్చిపోయినవాళ్లున్నారు.

- *ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్.* క్లోపిడోగ్రెల్ మామూలుగా 5 రోజుల ముందు ఆపుతారు. గుండెకు మందుపూత స్టెంట్ వేసి 6 నెలలు కాకపోతే, గుండెపోటు వచ్చాక వేసిందైతే ఏడాది కాకపోతే, తొందర లేని ఆపరేషన్‌ను వాయిదా వేయడమే మామూలు పద్ధతి. యూరాలజిస్టు, కార్డియాలజిస్టు ఇద్దరూ ఒక మాట మీదికి రావాలి. వాళ్ల మధ్య కాగితం మోయాల్సింది మీరే.
- *వార్ఫరిన్.* సుమారు 5 రోజుల ముందు ఆపి ఐఎన్ఆర్ చూస్తారు. *ఎపిక్సాబాన్, రివరాక్సాబాన్* రెండు మూడు రోజులు, కిడ్నీ పనితీరు తగ్గితే ఇంకొంచెం ముందు.
- *షుగరు మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్.* ఇవి కనీసం 3 రోజుల ముందు ఆపాలి. లేకపోతే షుగరు అంకె మామూలుగా ఉన్నా రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. గుండె కోసం కూడా ఇప్పుడు ఇవి రాస్తున్నారు కాబట్టి "ఇది షుగరు మాత్ర కాదు కదా" అని చెప్పడం మర్చిపోతారు.
- *ఇన్సులిన్.* ఖాళీ కడుపుతో ఉండే పొద్దున ఎప్పటి డోసు పొడిచేయకండి. ఎంత తీసుకోవాలో ముందురోజే అడగండి.
- *మెటోప్రోలాల్ లాంటి గుండె మాత్రలు* ఆపరేషన్ రోజు కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు. వీటిని ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం. కొన్ని బీపీ మాత్రలు మాత్రం ఆ పొద్దున వద్దంటారు. రెండిటినీ కలిపేసుకోకండి.
- *డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్.* మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేవి ఇవే. క్రియాటినిన్ పెరిగినవారికి విషంతో సమానం. నొప్పి ఇంజెక్షన్ చేసేముందు "మా నాన్నకు క్రియాటినిన్ ఇంత ఉంది" అని నోరు తెరిచి చెప్పండి.

5. గుండె, ఊపిరి, సత్తువ

మత్తు డాక్టరు దగ్గరికి ఆపరేషన్ ముందురోజు రాత్రి కాకుండా నాలుగైదు రోజుల ముందే వెళ్లండి. ఆయన అడిగే ప్రశ్నల్లో ఒకటి ఇంట్లోనే చూసుకోవచ్చు: ఆగకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలరా? ఎక్కగలిగితే గుండె చాలావరకు తట్టుకుంటుందని గుర్తు. ఎక్కలేకపోతే ఆపింది ఆయాసమా, మోకాళ్లా అన్నది చెప్పండి, రెండూ ఒకటి కాదు. ఆర్కే బీచ్‌లో రోజూ నడిచే ఎనభై ఏళ్ల పెద్దాయన, మంచం దిగని అరవై ఐదేళ్ల మనిషి కంటే ఆపరేషన్‌ను బాగా తట్టుకోవడం మా వార్డులో మామూలే.

పది రోజుల టైము ఉంటే రోజూ కాస్త నడిపించండి, గుడ్డో పప్పో పెట్టి బలం పెంచండి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఎంత పెట్టాలో అడిగి పెట్టండి. చుట్ట, సిగరెట్ మాన్పించండి.

హాస్పిటల్ విషయం ఎక్కువ చెప్పను. మహారాణిపేట కేజీహెచ్‌లో యూరాలజీ విభాగం ఉంది, ఆరిలోవ హెల్త్ సిటీలో ప్రైవేటువి ఉన్నాయి. ఎక్కడైనా మూడు అడగండి: రాత్రిపూట ఐసీయూ, రక్తం అందుబాటులో ఉంటాయా? ఆపరేషన్ తర్వాత రక్తస్రావం అయితే రక్తనాళం మూసే ఏర్పాటు అక్కడే ఉందా, బయటికి పంపుతారా? ప్యాకేజీలో స్టెంట్ తీయడం కలిసి ఉందా? పథకం వర్తిస్తుందో లేదో అడ్మిట్ అవకముందే హాస్పిటల్లోని వైద్యమిత్ర డెస్క్‌లో తేల్చుకోండి.

6. ముందురోజు రాత్రి, ఆపరేషన్ రోజు

గట్టి ఆహారం 6 గంటల ముందు ఆపాలి. మామూలు నీళ్లు సాధారణంగా 2 గంటల ముందు వరకు తాగొచ్చు. రాత్రి ఎనిమిదికి తిన్న మనిషిని మర్నాడు మధ్యాహ్నం వరకు చుక్క నీళ్లు లేకుండా ఎండబెడతారు కొందరు, అతిజాగ్రత్తతో. డెబ్బై దాటినవారికి అది కిడ్నీకీ బీపీకీ మంచిది కాదు. కచ్చితమైన టైము నర్సును అడగండి. పాలు, టీ మాత్రం నీళ్ల లెక్కలోకి రావు.

ఏ వైపు కిడ్నీ అన్నది థియేటర్‌లోకి వెళ్లేముందు పేషెంటు నోటితో చెప్పించండి. మార్కరు గుర్తు పెట్టారో లేదో చూడండి.

ఇప్పుడు కళ్లజోడు సంగతి. ఆపరేషన్ తర్వాత రాత్రి చాలామంది పెద్దవాళ్లు తికమకపడతారు. ఎక్కడున్నారో తెలియదు, సెలైన్ పీకేస్తారు, చనిపోయిన తమ్ముణ్ని పిలుస్తారు. పిల్లలు చూసి హడలిపోతారు. పిచ్చి కాదు, చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. అలా రాకుండా ఉండాలంటే: తెలివి రాగానే కళ్లజోడు పెట్టండి, చెవి మిషను పెట్టండి, కిటికీ తెరిచి పగలు పగల్లా, రాత్రి రాత్రిలా ఉంచండి. రోజూ చూసే మొహం ఒకటి పక్కనే ఉండాలి. పదిమంది వద్దు, ఒక్కరు చాలు. నిద్రమాత్ర ఇప్పించమని అడగకండి, అది తికమకను పెంచుతుంది. తికమక ఉన్నట్టుండి వస్తే ఇన్‌ఫెక్షన్ ఉందేమో, యూరిన్ బిగుసుకుందేమో చూడమని డ్యూటీ డాక్టరును పిలవండి.

7. మొదటి రెండు రోజులు: ఏం చూడాలి

యూరిన్ సంచిని గంటకోసారి చూడండి. లేత గులాబీ రంగులో ఉంటే భయం లేదు. దానిమ్మ రసంలా చిక్కబడినా, గడ్డలు కనిపించినా, సంచి నిండటం ఆగిపోయినా వెంటనే నర్సును పిలవండి.

వణుకుతో జ్వరం, బీపీ పడిపోవడం, వేగంగా ఊపిరి తీయడం, కొత్తగా మగత, వీటిలో ఏ ఒక్కటైనా సరే "పొద్దున రౌండ్స్‌లో చెప్దాం" అనుకోకండి. రాయి ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకితే తెలిసేది ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే.

డాక్టరు సరేనన్న మరుక్షణం మంచం దింపి నడిపించండి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా, కఫం పేరుకోకుండా ఉండటానికి ఇదే మందు. మొదటిసారి లేచేటప్పుడు రెండు నిమిషాలు మంచం అంచున కూర్చోబెట్టి, తర్వాత నిలబెట్టండి. నొప్పికి పారాసిటమాల్‌తో సరిపోతే అంతకంటే బలమైనది అడగొద్దు. ట్రామడాల్ లాంటివి పెద్దవాళ్లకు మలబద్ధకం, తికమక తెస్తాయి.

8. ఇంటికొచ్చాక

పాడేరు, అరకు నుంచి వచ్చినవారు డిశ్చార్జి అయిన రోజే ఘాట్ రోడ్డు ఎక్కకండి. విశాఖలోనే చుట్టాలింట్లో రెండు మూడు రోజులు ఉండి వెళ్తే నిశ్చింత.

పీసీఎన్‌ఎల్ అయినవారికి వారం, రెండు వారాల తర్వాత కూడా ఉన్నట్టుండి ఎర్రటి రక్తం రావచ్చు. అరుదే గానీ, వస్తే ఆగకుండా హాస్పిటల్‌కు వెళ్లాలి. అప్పటిదాకా బరువులు ఎత్తనివ్వకండి, మలబద్ధకం రానివ్వకండి.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, యూరిన్ రాకపోయినా, ఒక కాలు వాచినా, ఆయాసం వచ్చినా మళ్లీ వెళ్లాల్సిందే.

నీళ్లు: రోజుకు రెండున్నర లీటర్ల యూరిన్ వచ్చేంత తాగాలన్నది రాళ్లున్నవారికి చెప్పే లెక్క. మన విశాఖ ఉక్కపోతలో సగం చెమటకే పోతుంది కాబట్టి ఇంకా ఎక్కువ కావాలి. కానీ గుండె బలహీనంగా ఉన్నవారు, కాళ్ల వాపులున్నవారు, క్రియాటినిన్ ఎక్కువున్నవారు ఈ అంకెను పాటించకూడదు. వాళ్లకు ఎన్ని లీటర్లో డాక్టరు చెప్పాలి. కొబ్బరి బొండాల్లో పొటాషియం ఎక్కువ, కిడ్నీ జబ్బు ఉన్నవారికి రోజూ తాగించొద్దు. నీళ్లలో ఎక్కువ భాగం సాయంత్రం ఆరులోపే తాగించండి. అర్ధరాత్రి బాత్రూంకి లేచి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్లను రాయి పేషెంట్లలోనే చూశాను. రాత్రి లైటు వేసి ఉంచండి.

9. డీజే స్టెంట్: తేదీ గోడ మీద రాయండి

ఆపరేషన్ తర్వాత కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా మెత్తటి సన్నని గొట్టం వేసి పంపుతారు. అది ఉన్నన్నాళ్లూ మాటిమాటికీ వెళ్లాలనిపించడం, యూరిన్ పోసేటప్పుడు నడుము పక్కన లాగినట్టు ఉండటం, నడిస్తే కాస్త ఎరుపు రావడం మామూలే. దానికిచ్చే టామ్సులోసిన్ మాత్ర లేవగానే కళ్లు తిరిగేలా చేయొచ్చు, కాబట్టి రాత్రి పడుకునేముందు వేయండి. త్వరలో శుక్లాల ఆపరేషన్ ఉంటే ఈ మాత్ర వాడిన సంగతి కంటి డాక్టరుకు తప్పక చెప్పండి.

అసలు సంగతి, ఆ గొట్టం మళ్లీ తీయించాలి. మామూలుగా రెండు నుంచి ఆరు వారాల్లో తీస్తారు. మూడు నెలలు దాటనివ్వకూడదు.

మా పెద్దమావయ్యకు వేరే ఊళ్లో ఒక హాస్పిటల్లో ఆపరేషన్ అయింది. డిశ్చార్జి కాగితంలో నాలుగో పేజీ చివర, మందుల పట్టిక కింద చిన్న అక్షరాల్లో "స్టెంట్ తీయడానికి రావలెను" అని ఒక్క ముక్క ఉంది. తేదీ లేదు. ఎవరూ చదివి చెప్పలేదు. నొప్పి పోయింది, ఆయన పొలానికి వెళ్లిపోయారు. పదకొండు నెలల తర్వాత జ్వరంతో నా దగ్గరికి తీసుకొచ్చారు. బయటికి తీసిన స్టెంట్‌ను ట్రేలో చూశాను. ఉప్పునీళ్ల బోరు ఉన్న ఇంట్లో వాటర్ హీటర్ రాడ్డుకి సున్నం ఎలా పేరుకుంటుందో, ఆ నీలి గొట్టం చుట్టూ అలా తెల్లగా, గరుగ్గా, వేలి లావున రాయి కట్టింది. దాన్ని తీయడానికి రెండు ఆపరేషన్లయ్యాయి. మొదటి రాయికి ఒక్కటే సరిపోయింది.

నర్సునై ఉండి నేనూ అడగలేదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. డిశ్చార్జి అయ్యేముందు ఇవి మూడూ చేయండి:

- "స్టెంట్ వేశారా? ఏ తేదీన తీస్తారు?" అని అడిగి, ఆ తేదీ కాగితం మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాయించండి.
- ఇంటి క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టండి. ఇద్దరు పిల్లల ఫోన్లలో రిమైండర్ పెట్టండి, ఒక్కరి ఫోన్లో చాలదు.
- తీశాక ఆ గొట్టాన్ని కళ్లతో చూడండి. రెండు వైపులా వేస్తే రెండూ తీశారా అని లెక్కపెట్టండి.

తీయడానికి చాలాసార్లు జెల్లీ మత్తుతో పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలకు భయపడి వాయిదా వేసే పెద్దవాళ్లను బుజ్జగించి తీసుకెళ్లండి.

10. రాయి నిజంగా పోయిందా?

"సక్సెస్ అయింది" అన్న మాటతో ఆగిపోకండి. ఒకటి నుంచి మూడు నెలల మధ్య స్కాన్ చేయించి, లోపల ముక్కలు మిగిలాయా, మిగిలితే ఎన్ని మిల్లీమీటర్లు అని అడగండి. అల్ట్రాసౌండ్‌లో చిన్న ముక్కలు తప్పిపోవచ్చు, సీటీలో బాగా తెలుస్తాయి. 4 మిల్లీమీటర్ల లోపు ముక్కలను ఒకప్పుడు పట్టించుకునేవారు కాదు. అవీ పెరిగి మళ్లీ అడ్డుపడొచ్చని ఇప్పుడు తెలుసు. అలాగని ప్రతి ముక్కకూ మళ్లీ ఆపరేషన్ అక్కర్లేదు, కనిపెట్టి ఉండాలి. క్రియాటినిన్ కూడా మళ్లీ చేయించి ఆపరేషన్ ముందటి అంకె పక్కన రాసి చూడండి.

తీసిన రాయి ముక్కలు అడిగి తీసుకుని స్టోన్ అనాలిసిస్‌కు పంపండి. చిన్న డబ్బాలో దాచి బీరువాలో పెట్టుకునేవారే ఎక్కువ. ఆ ముక్క ఏ రకమో తెలిస్తేనే తర్వాత ఏం తినాలో, ఏ మందు వాడాలో చెప్పగలరు. తెలియకుండానే "పాలు మానేయండి, టమాటా మానేయండి" అని పెద్దవాళ్ల కంచం ఖాళీ చేసేస్తారు. పాలు, పెరుగు మామూలుగా తీసుకుంటే కాల్షియం రాళ్లు పెరగవు, మానేస్తే ఎముకలు గుల్లబారతాయి. తగ్గించాల్సింది ఉప్పు. ఆవకాయ, అప్పడాలు, ఎండు చేపలు ఇష్టంగా తినే మన ఇళ్లలో అది కష్టమే, ఒక్కొక్కటిగా తగ్గించండి.

రిపోర్టు వచ్చాక ఆ కాగితాన్ని, స్టెంట్ తీసిన తేదీని, చివరి స్కాన్ రిపోర్టును అదే ప్లాస్టిక్ ఫైలులో అన్నిటికంటే పైన పెట్టండి. ఎన్నాళ్లకు మళ్లీ స్కాన్ చేయించాలో డాక్టరును అడిగి, ఆ నెల కూడా క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో చుట్టండి.